ఈరీ కాలువ మీద ప్రయాణికుడు: సుంకాలు, వేగం, ప్రభుత్వ నియంత్రణ (1817–1882)

పరిచయం

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం 1817లో మొదలుపెట్టి 1825లో పూర్తిచేసిన ఈరీ కాలువ గురించి చరిత్ర పుస్తకాలు ఎక్కువగా సరుకు రవాణా కోణం నుంచే చెబుతాయి. ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న బఫెలో నుంచి న్యూయార్క్ నగరానికి టన్ను సరుకు చేర్చడానికి అంతకుముందు సుమారు 100 డాలర్లు అయ్యేది. కాలువ వచ్చాక అది 10 డాలర్ల దరిదాపులకు దిగింది. ఈ అంకెలు మీరు గుర్తుంచుకోవలసినవే. అయితే అదే కాలువ మీద ఏటా వేలాది మంది మనుషులు కూడా ప్రయాణం చేశారు. వారి ప్రయాణం మీద ఎవరు సుంకం వేశారు? పడవ ఎంత వేగంగా పోవాలో ఎవరు నిర్ణయించారు? పక్కనే రైలు వచ్చినప్పుడు ప్రభుత్వం ఏంచేసింది? ఈ పాఠ్యభాగంలో మీరు ఈ ప్రశ్నలకు సమాధానాలు తెలుసుకుంటారు.

ఒక విషయం మొదటే మనసులో పెట్టుకోండి. కాలువ కోసం న్యూయార్క్ ప్రభుత్వం అప్పు చేసింది. ఆ అప్పును తీర్చే శక్తి ప్రధానంగా సరుకు మీద వచ్చే సుంకానికే ఉంది. ప్రయాణికుల విషయంలో చేసిన నియమాలు పైకి వేరువేరుగా కనిపించినా, వాటన్నిటి వెనుక ఈ లెక్క ఉంది. అందువల్లనే, ఇద్దరిలో ఒకరినే కాపాడుకోగలిగే పరిస్థితి వచ్చినప్పుడు, ప్రభుత్వం ప్రయాణికుణ్ని వదిలి సరుకును పట్టుకుంది.

కాలువ లేకముందే వసూలైన పన్ను

కాలువ నిర్మాణానికి కేంద్ర ప్రభుత్వం నుంచి సహాయం వస్తుందని న్యూయార్క్ నాయకులు ఆశించారు. అంతర్గత నిర్మాణాలకు నిధి కేటాయించే బిల్లును అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ 1817 మార్చి 3న తిరస్కరించాడు. ఆ తరువాత సుమారు ఆరు వారాలకు, ఏప్రిల్ 15న, న్యూయార్క్ శాసనసభ తన కాళ్ళ మీద తానే నిలబడి కాలువ తవ్వాలని చట్టం చేసింది. సుమారు 70 లక్షల డాలర్లు ఖర్చయిన ఈ పని కోసం అప్పు పుట్టాలంటే, అప్పిచ్చేవారికి ఏదో ఒక రాబడిని హామీగా చూపాలి. తవ్వని కాలువ మీద సుంకం రాదు కదా! అందుకని ఆ చట్టం ఉప్పు మీద పన్ను, వేలంపాటల మీద పన్ను వంటి రాబడులను కాలువ నిధికి మళ్ళించింది.

వాటిలో ఒకటి మన అంశానికి నేరుగా సంబంధించినది. హడ్సన్ నది మీద ఆవిరి పడవలో 100 మైళ్ళకు మించి ప్రయాణించే ప్రతి మనిషి మీద ఒక డాలరు, 30 మైళ్ళకు మించి 100 మైళ్ళ లోపు ప్రయాణించేవారి మీద అందులో సగం పన్ను వేశారు. న్యూయార్క్ నగరం నుంచి ఆల్బనీకి నది మీద సుమారు 150 మైళ్ళు. అంటే ఆ దారిన పోయే ప్రతి ఒక్కరూ డాలరు కట్టాలి. ఈరీ కాలువ కోసం డబ్బు చెల్లించిన మొదటి ప్రయాణికులు కాలువను చూసినవారు కూడా కారు, పక్క నది మీద పోయేవారు! పడవల కంపెనీకి ఇది నచ్చలేదు. 1820 మార్చి 30న చేసిన చట్టం ద్వారా తలకింత అనే పన్ను స్థానంలో ఏటా ఒక నిర్ణీత మొత్తం కట్టే ఏర్పాటు వచ్చింది.

కాలువ ప్రభుత్వానిది, పడవ ప్రైవేటుది

363 మైళ్ళ పొడవున్న ఈ కాలువ పైభాగంలో 40 అడుగుల వెడల్పు, అడుగున 28 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు ఉండేది. నేల ఎత్తుపల్లాలను దాటడానికి 83 లాకులు కట్టారు. గోదావరి, కృష్ణా డెల్టాలలో పెరిగినవారికి లాకు అంటే వివరించనక్కరలేదు. మిగిలినవారి కోసం ఒక్క మాట: రెండు చివరలా తలుపులున్న రాతి తొట్టిలోకి పడవను తెచ్చి, నీరు నింపిగాని తీసిగాని పడవను పై మట్టానికో కింది మట్టానికో చేర్చే ఏర్పాటు ఇది. మన డెల్టా కాలువల మీద మనుషులు తాడు భుజాన వేసుకొని గట్టు వెంట నడుస్తూ పడవలను లాగేవారు. ఈరీ మీద ఆ పని గుర్రాలు, కంచరగాడిదలు చేసేవి.

కాలువ, గట్టు, లాకులు, లాకుల దగ్గర మనుషులు అన్నీ రాష్ట్ర ప్రభుత్వానివి. పడవలు మాత్రం ప్రైవేటు వ్యక్తులవి, కంపెనీలవి. ఈ తేడాను మీరు జాగ్రత్తగా గమనించాలి. ప్రయాణికుడు పడవవాడికి ఇచ్చేది ఛార్జీ, పడవవాడు ప్రభుత్వానికి కట్టేది సుంకం. ప్రభుత్వం నియంత్రించినది రెండోదానిని. ఛార్జీని పోటీకి వదిలేసింది. పడవ ఉన్నవారెవరైనా సుంకం కట్టి కాలువలోకి దిగవచ్చు కనుక, ఒకడు ఎక్కువ అడిగితే ఇంకొకడు తక్కువకు తీసుకుపోతాడని అనుకున్నారు.

సుంకం వసూలు 1820లో, కాలువ మధ్యభాగం తెరిచినప్పుడు, మొదలైంది. పడవ యజమాని బయలుదేరేచోట వసూలు కార్యాలయానికి వెళ్ళి పడవలో ఏముందో, ఎక్కడికి పోతుందో రాసి ఇవ్వాలి. సుంకం కట్టాక అనుమతి చీటీ ఇస్తారు. దారిలో ఉన్న కార్యాలయాలలో ఆ చీటీ చూపించాలి. సుంకం రేట్ల పట్టికలో సరుకులకు టన్ను చొప్పున, మైలు చొప్పున రేట్లు ఉండేవి. ప్రధానంగా మనుషులను తీసుకుపోయే పడవలను వేరే తరగతిగా చూపేవారు. 1826లో కాలువ బోర్డు ఏర్పడ్డాక ఈ రేట్ల నిర్ణయం దాని చేతికి వచ్చింది.

అయితే బోర్డుకు పూర్తి స్వేచ్ఛ లేదు. 1821లో రాసుకున్న కొత్త రాష్ట్ర రాజ్యాంగం ఏడవ అధికరణంలోని పదవ సెక్షన్ ఒక వింత నిబంధన పెట్టింది. కాలువ కమిషనర్లు 1821 మార్చి 12న శాసనసభకు ఇచ్చిన నివేదికలోని సుంకం రేట్లకు తగ్గకుండా వసూలు చేయాలనీ, అప్పు అసలు వడ్డీలతో తీరేదాకా ఆ డబ్బును మరో పనికి వాడరాదనీ అందులో ఉంది. ఆవిరి పడవ ప్రయాణికుల పన్నుకు బదులుగా వచ్చే మొత్తాన్ని కూడా అదే సెక్షన్‌లో చేర్చారు. ఒక కాలువ మీద వసూలు చేసే సుంకాన్ని రాజ్యాంగంలో రాసిపెట్టడం ఈనాటి మనకు అతిగా తోచవచ్చు. కానీ అప్పిచ్చినవారి వైపు నుంచి చూడండి. శాసనసభ ఏటా మారుతుంది, ఓట్ల కోసం సుంకం తగ్గించవచ్చు. రాజ్యాంగం అంత తేలికగా మారదు. అప్పు పుట్టిందంటే ఈ హామీకి కూడా అందులో పాత్ర ఉంది.

గంటకు 4 మైళ్ళు

ప్రయాణికుల కోసమే తయారైన పడవలను ప్యాకెట్ పడవలు అనేవారు. పొడవుగా, సన్నగా, తేలికగా ఉండే వీటిని సాధారణంగా మూడు గుర్రాలు లాగేవి. కొన్ని మైళ్ళకొకసారి గుర్రాలను మార్చేవారు. వేగమే వాటి పెట్టుబడి. ఆ వేగం మీదే ప్రభుత్వం పగ్గం వేసింది. గంటకు 4 మైళ్ళకు మించి పోరాదు, పోతే 10 డాలర్లు జరిమానా.

మనిషి చురుకుగా నడిస్తే దాదాపు అంత వేగం వస్తుంది. ఇంత తక్కువ పరిమితి ఎందుకు? కారణం ప్రయాణికుల భద్రత కాదు, గట్టు. కాలువ గట్లు చాలావరకు మట్టివి. ఇరుకైన కాలువలో పడవ వేగంగా పోతే వెనుక లేచే అల ఒడ్డును కోస్తుంది. కోసిన చోట నీరు ఊరి గండి పడితే ఆ భాగంలో నీరంతా పోతుంది. గండి పూడ్చేదాకా రెండు వైపులా పడవలు నిలిచిపోతాయి, ఆ రోజుల సుంకం పోతుంది, మరమ్మతు ఖర్చు మీద పడుతుంది. గట్టు వెంట తిరుగుతూ ఊటలు కనిపెట్టడానికే మనుషులను పెట్టారు. కాబట్టి ఈ వేగ పరిమితిని ప్రభుత్వం తన ఆస్తికీ తన రాబడికీ కట్టుకున్న కంచెగా అర్థం చేసుకోవాలి.

ఆ కంచె ఎంత గట్టిది? ప్యాకెట్ ఛార్జీ భోజనంతో కలిపి మైలుకు దాదాపు 4 సెంట్లు. షెనెక్టడీ నుంచి యూటికాకు సుమారు 80 మైళ్ళు. లెక్క కోసం ఒక పడవలో 40 మంది ఉన్నారనుకోండి. ఆ ఒక్క ప్రయాణంలో యజమానికి వచ్చేది 128 డాలర్లు. అందులో 10 డాలర్ల జరిమానా ఎనిమిది శాతం కూడా కాదు. పోటీ పడవకన్నా ముందు చేరితే రేపటి ప్రయాణికులు తనవైపు వస్తారు. అందుకే చాలామంది ప్యాకెట్ కెప్టెన్లు జరిమానా కట్టి మరీ వేగంగా పోయేవారు. మారని మొత్తంగా పెట్టిన జరిమానా, లాభం పెరిగేకొద్దీ శిక్షగా కాకుండా మరో ఖర్చుగా మారిపోతుందని ఈ ఉదాహరణ చూపుతుంది. ఇతర పాఠాలలో నియంత్రణ చట్టాల గురించి చదివేటప్పుడు కూడా మీరు ఈ కోణం నుంచి ఆలోచించవచ్చు.

విచిత్రమేమంటే, వేగాన్ని అడ్డుకున్న చట్టమే ప్యాకెట్ పడవకు దారి కూడా ఇచ్చింది. ప్రయాణికుల పడవ వెనుక నుంచి వచ్చి అందుకుంటే సరుకు పడవ దానికి దారి ఇవ్వాలి, అవసరమైతే అది దాటేదాకా ఆగాలి. ఆగిన పడవ తన తాడును వదులుచేస్తే అది నీటిలో మునిగేది, వెనుక పడవ దాని మీదుగా సాగిపోయేది. రాసినంత తేలికగా ఇది జరగలేదు. తాళ్ళు చిక్కుపడేవి, లాకుల దగ్గర ముందు ఎవరు పోవాలన్న తగాదా తిట్లతో మొదలై ముష్టియుద్ధాల దాకా పోయేది. ఒకసారికి ఒకే పడవ పట్టే లాకు దగ్గర నియమం కన్నా పడవవాడి కండబలానికే విలువ ఎక్కువగా ఉన్న రోజులవి.

అభ్యాసం 1: ఈరీ కాలువ మీద వేగ పరిమితి ఎవరి ప్రయోజనం కోసం ఏర్పడింది? జరిమానా దానిని ఎందుకు పూర్తిగా అమలు చేయలేకపోయింది? మీ సొంత మాటల్లో రాయండి.

ఎవరు ఏ పడవ ఎక్కారు

మైలుకు 4 సెంట్ల చొప్పున ఆల్బనీ నుంచి బఫెలో దాకా 363 మైళ్ళకు 14 డాలర్ల 52 సెంట్లు అవుతుంది. కాలువ తవ్విన కూలీకి రోజుకు వచ్చినది డాలరు లోపే. అతడికి ప్యాకెట్ ప్రయాణమంటే రెండు వారాలకు మించిన కూలి. అందువల్ల అటువంటివారు లైన్ పడవలు ఎక్కేవారు. ఇవి ప్రధానంగా సరుకు మోస్తూ, మిగిలిన చోట మనుషులను కూర్చోబెట్టుకొనేవి. గంటకు రెండు, రెండున్నర మైళ్ళ నడక. తిండి ఎవరిది వారే తెచ్చుకుంటే మైలుకు సుమారు ఒకటిన్నర సెంటు. మొత్తం దూరానికి ఐదున్నర డాలర్ల లోపు. రోజులు ఎక్కువ పట్టినా మూటాముల్లెతో, పిల్లలతో పడమటికి వలసపోయే కుటుంబాలకు ఇదే దారి.

ప్యాకెట్ పడవలో సుఖం ఉందని కూడా అనుకోవద్దు. పగలు భోజనశాలగా ఉన్న గదే రాత్రికి పడకగది. గోడకు అరలు బిగించి మూడు అంతస్తులుగా పడకలు వేసేవారు. ఆడవారి భాగాన్ని తెర కట్టి వేరుచేసేవారు. పడకలు చాలకపోతే మిగిలినవారు బల్లల మీద, నేల మీద పడుకోవలసిందే. పగలు పైకప్పు మీద కూర్చుంటే గాలి, వెలుతురు దొరికేవి గాని, పొలాల మధ్య రైతుల కోసం కట్టిన తక్కువ ఎత్తు వంతెనలు వచ్చినప్పుడల్లా తల వంచాలి. నవలా రచయిత నథానియల్ హాథార్న్ 1835లో ఈ ప్రయాణం మీద ఒక వ్యాసం ప్రచురించాడు. ఈ లోపలి ఏర్పాట్లన్నీ పడవ యజమాని ఇష్టానికి వదిలినవే.

ఆల్బనీ, షెనెక్టడీల మధ్య మాత్రం చాలామంది ప్రయాణికులు కాలువనే వదిలేసేవారు. అక్కడ సుమారు 30 మైళ్ళ కాలువలో 27 లాకులు ఉన్నాయి. పడవలో దాదాపు ఒక పగలంతా పట్టే ఈ దూరాన్ని నేల దారిన గుర్రపు బండిలో కొన్ని గంటల్లో దాటవచ్చు. 1831లో రాష్ట్రంలో మొదటి ఆవిరి రైలు సరిగ్గా ఈ రెండు ఊళ్ళ మధ్యే నడవడం యాదృచ్ఛికం కాదు. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

ఆదివారాలు లాకులు మూయాలని క్రైస్తవ సంఘాల నుంచి శాసనసభకు వినతులు వచ్చాయి. ఆరు రోజులే నడిచే బండ్లు, పడవలు పెట్టినవారూ ఉన్నారు. శాసనసభ ఒప్పుకోలేదు. శీతాకాలం నీరు గడ్డకట్టి కాలువ ఎలాగూ నెలల తరబడి మూసి ఉండేది. మిగిలిన రోజుల్లో వారానికొక రోజు సుంకం వదులుకోవడానికి అప్పుల లెక్క అడ్డొచ్చింది.

టికెట్టు అమ్మేవాడి మీద చట్టం లేనప్పుడు

నియంత్రణ పడవ మీద, గట్టు మీద, సుంకం మీద ఉంది. ప్రయాణికుడి చేతిలోని టికెట్టు మీద లేదు. ఈ లోటు 1840లలో బయటపడింది. యూరప్ నుంచి ఓడ దిగిన వలస కుటుంబాలను న్యూయార్క్ రేవులోనే దళారులు పట్టుకునేవారు. వారి భాష మాట్లాడి, వారి ఊరివాడినేనని నమ్మించి, బఫెలో దాకా మొత్తం ఛార్జీ అంటూ డబ్బు తీసుకొని టికెట్టు చేతిలో పెట్టేవారు. ఆల్బనీ చేరాక ఆ టికెట్టు చెల్లదని తెలిసేది. రైలు అని చెప్పి అమ్మినది లైన్ పడవ అని తేలేది. సామాను తూకంలో మోసం చేసి అదనపు ఛార్జీ గుంజేవారు. తిరిగి వెళ్ళి అడిగే శక్తి, భాష, సమయం ఆ కుటుంబాలకు లేవు.

1847లో శాసనసభ ఒక విచారణ సంఘాన్ని నియమించింది. అదే ఏడాది వలసదారుల వ్యవహారాలు చూడడానికి కమిషనర్లను ఏర్పాటు చేసింది. 1848 చట్టం దళారులకూ, వలసదారుల బసలకూ లైసెన్సు తప్పనిసరి చేసింది. బసలలో ధరల పట్టికను ఇంగ్లీషులోనే కాక వచ్చేవారి భాషల్లోనూ వేలాడదీయాలని చెప్పింది. 1855లో కాజిల్ గార్డెన్‌లో వలసదారుల కేంద్రం తెరిచి, దళారులను లోపలికి రానివ్వకుండా అక్కడే టికెట్లు అమ్మే ఏర్పాటు చేశాక పరిస్థితి కొంత మెరుగుపడింది. కాలువ తెరిచి అప్పటికి 30 ఏళ్ళు. గట్టును కోసే అలను మొదటి నుంచీ చట్టం పట్టించుకుంది. ప్రయాణికుడి జేబు కోసే దళారిని పట్టించుకోవడానికి అన్నేళ్ళు పట్టింది. ఈ తేడాకు మీరు కారణం వెతకాలంటే మళ్ళీ సుంకం దగ్గరికే రావాలి. దళారి తిన్న డబ్బు ప్రయాణికుడిది, కాలువ నిధిది కాదు.

రైలుకు ప్రయాణికుణ్ని ఇచ్చి, సరుకును దాచుకోవడం

1833లో యూటికా–షెనెక్టడీ రైలుమార్గం కంపెనీకి శాసనసభ చార్టర్ ఇచ్చింది. 78 మైళ్ళ ఈ మార్గం కాలువ పక్కనే పోతుంది. చార్టర్‌లో రెండు షరతులు మనకు ముఖ్యం. మొదటిది, ప్రయాణికుల దగ్గర మైలుకు 4 సెంట్లకు మించి వసూలు చేయరాదు. రెండవది, ప్రయాణికుల మామూలు సామాను తప్ప మరే సరుకూ మోయరాదు.

మొదటి షరతు చూడండి. కాలువ మీద పడవ ఛార్జీకి ఏ పరిమితీ పెట్టని ప్రభుత్వం రైలు ఛార్జీకి ఎందుకు పెట్టింది? కాలువలో ఎవరి పడవైనా దిగవచ్చు. రైలుమార్గంలో పట్టాలూ బండ్లూ ఒకే కంపెనీవి, పోటీ ఉండదు. ప్యాకెట్ పడవ వసూలు చేసే ధరనే రైలుకు గరిష్ఠ పరిమితిగా పెట్టడాన్ని కూడా గమనించండి. మొత్తం దూరానికి 3 డాలర్ల 12 సెంట్లకు మించదు. 1836లో రైళ్ళు మొదలయ్యాక, పడవలో దాదాపు ఒక పగలూ రాత్రీ పట్టే దూరాన్ని అదే ధరకు కొన్ని గంటల్లో దాటగలిగితే ప్యాకెట్ ఎవరు ఎక్కుతారు? 1842 చివరికి ఆల్బనీ నుంచి బఫెలో దాకా వేరువేరు కంపెనీల రైలుమార్గాలు ఒకదానితో ఒకటి కలిశాయి. ప్యాకెట్ పడవల కాలం చెల్లింది. పేద వలసదారులు మాత్రం మరికొన్నేళ్ళు లైన్ పడవలనే పట్టుకొని ఉన్నారు.

రెండవ షరతు దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో పనిచేసింది. 1836 నాటికి మొదటి అప్పు తీర్చడానికి సరిపడే డబ్బు కాలువ నిధిలో చేరింది. కానీ అదే సమయంలో కాలువను 70 అడుగుల వెడల్పు, 7 అడుగుల లోతుకు పెంచే పని మొదలుపెట్టారు. దానికి కొత్త అప్పు కావాలి. 1837 ఆర్థిక సంక్షోభం తరువాత ఆ అప్పు ఎంత బరువెక్కిందంటే 1842లో చట్టం చేసి పనులు ఆపవలసి వచ్చింది. అందువల్ల సరుకు సుంకాన్ని రైలుకు పోనివ్వకుండా ప్రభుత్వం అంచెలంచెలుగా గీతలు గీసింది. 1844లో, కాలువ మూసి ఉన్న శీతాకాలంలో మాత్రం రైళ్ళు సరుకు మోయవచ్చనీ, కాలువ సుంకంతో సమానమైన మొత్తాన్ని కాలువ నిధికి కట్టాలనీ అన్నారు. 1847లో ఏడాది పొడవునా మోయడానికి వీలిచ్చారు గాని సుంకం షరతు తీయలేదు. నీటి మీద పోని సరుకుకు నీటి సుంకం! 1851లో దాన్ని రద్దు చేశారు. కాలువ విస్తరణ 1862లో గాని పూర్తికాలేదు.

ప్రయాణికుడు రైలుకు వెళ్ళిపోతున్నప్పుడు ఇటువంటి గీత ఒక్కటీ గీయలేదన్నది ఇక్కడ అసలు విషయం. రైలు టికెట్టు మీద కాలువ సుంకం అడగలేదు. 1817లో నది ప్రయాణికుడి మీద డాలరు పన్ను వేసిన అదే శాసనసభ, 1833 నాటికి రైలు ప్రయాణికుణ్ని స్వేచ్ఛగా పోనిచ్చింది. ఈ మధ్యకాలంలో సరుకు సుంకం ఎంత పెద్ద రాబడి కాగలదో తెలిసింది. కాలువ పూర్తయిన 1825లోనే సుంకాల రాబడి 5 లక్షల డాలర్లు దాటింది. దాని ముందు ప్రయాణికుల పడవల నుంచి వచ్చే భాగం చిన్నది. వాటి అలల వల్ల గట్టుకు జరిగే నష్టం కూడా కలిపి చూస్తే ఇంకా చిన్నది. 1853లో చిన్న రైలు కంపెనీలు కలిసి న్యూయార్క్ సెంట్రల్ అయినప్పుడు, ఆ విలీనాన్ని అనుమతించిన చట్టం ప్రయాణికుల ఛార్జీని మైలుకు 2 సెంట్లకు పరిమితం చేసింది. ఒకప్పుడు ప్యాకెట్ పడవలో కొనలేని ప్రయాణాన్ని కూలీ ఇప్పుడు రైలులో సగం ధరకు కొనగలిగాడు.

సరుకు కూడా క్రమంగా రైలువైపు మళ్ళింది. 1882లో న్యూయార్క్ ఓటర్లు రాజ్యాంగ సవరణ ద్వారా కాలువ సుంకాలను పూర్తిగా ఎత్తివేశారు. 1821లో రాజ్యాంగంలో రాసి కాపాడిన సుంకాన్ని తీసేయడానికీ రాజ్యాంగాన్నే మార్చవలసి వచ్చింది. అప్పటికి కాలువ సుంకాల రూపంలో వసూలైనది సుమారు 12 కోట్ల డాలర్లు.

అభ్యాసం 2: 1817 నాటి ఆవిరి పడవ పన్నును, 1833 నాటి రైలు చార్టర్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. ప్రయాణికుడి పట్ల ప్రభుత్వ వైఖరి ఎలా మారింది? ఏది మారలేదు? రెండు పుటలకు మించకుండా రాయండి.